లెబనాన్: మతశాఖల మధ్య అధికార పంపకం

లెబనాన్ చట్టం గుర్తించే మతశాఖలు 18. క్రైస్తవుల్లో మారొనైట్లు, గ్రీక్ ఆర్థడాక్స్, గ్రీక్ కాథలిక్, ఆర్మేనియన్ శాఖలవారు, ముస్లింలలో సున్నీలు, షియాలు, అలవీలు, వీరుగాక డ్రూజ్‌లు ప్రధానమైనవారు. ఏ ఒక్క శాఖా జనాభాలో సగం లేని ఈ చిన్న దేశంలో దేశాధ్యక్ష పదవి మొదలు పార్లమెంటు స్థానాల వరకూ అన్నీ శాఖలవారీ వాటాలే. ఆరెండ్ లైప్‌హార్ట్ వంటి రాజనీతి శాస్త్రవేత్తలు 1960ల చివర అధికార పంపకాన్ని సిద్ధాంతంగా మలిచినప్పుడు చూపిన ఉదాహరణల్లో లెబనాన్ ఒకటి.

ఈ ఏర్పాటు అనాదిగా ఉన్నది కాదు. ఒట్టోమన్ పాలనలో లెబనాన్ పర్వత ప్రాంతాన్ని ఏలిన భూస్వాముల్లో మారొనైట్లూ డ్రూజ్‌లూ ఉండేవారు. అక్కడ మనిషి స్థాయిని మతం కన్నా ముందు వంశమూ భూమీ తేల్చేవి. 1843లో ఒట్టోమన్ ప్రభుత్వం, ఐరోపా రాజ్యాల ఒత్తిడితో, పర్వతాన్ని ఉత్తరాన మారొనైట్ అధికారికీ దక్షిణాన డ్రూజ్ అధికారికీ విడగొట్టింది. రెండు మతాలవారూ కలిసి బతుకుతున్న దక్షిణ గ్రామాల్లో చిక్కు అక్కడే మొదలైంది. 1858లో ఉత్తర భాగంలోని కిస్రవాన్ ప్రాంత రైతులు తానియూస్ షాహీన్ నాయకత్వంలో ఖాజిన్ వంశ భూస్వాములపై తిరగబడ్డారు. రైతులూ మారొనైట్లే, దొరలూ మారొనైట్లే. రెండేళ్లు తిరిగేసరికి అశాంతి దక్షిణానికి పాకి, 1860లో మారొనైట్–డ్రూజ్ మారణకాండగా మారింది. వేలమంది చనిపోయారు. భూమి తగాదా మత యుద్ధంగా మారిన ఈ రెండేళ్లను గమనించకుండా లెబనాన్ కలహాన్ని ‘తరతరాల పగ’ అనడం పొరపాటు.

1861 నాటి ఒప్పందం పర్వతానికి స్వయంపాలన ఇచ్చింది. గవర్నరు లెబనాన్‌కు చెందని ఒట్టోమన్ క్రైస్తవుడై ఉండాలి. 1864 సవరణతో 12 మంది సభ్యుల పాలక మండలిలో మారొనైట్లకు 4, డ్రూజ్‌లకు 3, గ్రీక్ ఆర్థడాక్స్‌కు 2, గ్రీక్ కాథలిక్, సున్నీ, షియాలకు ఒక్కొక్కటి దక్కాయి. నేటి పద్ధతికి మూలం ఇదే. ఒట్టోమన్ పాలన పోయి ప్రాంతం ఫ్రాన్స్ చేతికి వచ్చాక, 1920 సెప్టెంబరు 1న ఫ్రెంచ్ జనరల్ గూరో తీర నగరాలనూ బెకా లోయనూ కలిపి ‘మహా లెబనాన్’ ప్రకటించడంతో ముస్లింల సంఖ్య బాగా పెరిగింది. 1926 రాజ్యాంగం 95వ అధికరణం శాఖలవారీ ప్రాతినిధ్యాన్ని తాత్కాలికమనే చెప్పింది. 1932 జనగణనలో క్రైస్తవులు సగానికి కాస్త ఎక్కువగా తేలారు. ఆ తర్వాత అధికారిక జనగణన జరగలేదు. లెక్క మారితే వాటాలూ మార్చాలి మరి.

1943లో మారొనైట్ నేత బిషారా అల్ ఖూరీ, సున్నీ నేత రియాద్ అల్ సుల్హ్ కాగితంపై పెట్టని ఒక ఒడంబడికకు వచ్చారు. క్రైస్తవులు ఫ్రాన్స్ రక్షణ కోరరాదు, ముస్లింలు సిరియాలో కలవాలని అడగరాదు. అధ్యక్షుడు మారొనైట్, ప్రధాని సున్నీ, స్పీకరు షియా అనే ఆనవాయితీ, పార్లమెంటులో ప్రతి ఆరుగురు క్రైస్తవులకు ఐదుగురు ముస్లింలనే నిష్పత్తి ఆ తరంలోనే స్థిరపడ్డాయి.

ఇందులో మెచ్చుకోదగ్గ సంగతి ఒకటుంది. స్థానం ఒక శాఖకు కేటాయించినా ఓటు ఆ నియోజకవర్గంలోని అందరిదీ. మన రిజర్వుడు నియోజకవర్గాల్లో అభ్యర్థి మాత్రమే నిర్దిష్ట వర్గం వారు, ఓటర్లు అందరూ అన్నట్టే ఇదీ. కాబట్టి మారొనైట్ అభ్యర్థి సున్నీ గడప తొక్కక తప్పేది కాదు. పొరుగున సైనిక నియంతలు పుట్టుకొస్తున్న దశాబ్దాల్లో బీరూట్ పత్రికలు స్వేచ్ఛగా రాశాయంటే, ఏ శాఖా మిగతావాటిని పూర్తిగా అణచలేని ఈ సమతూకం కూడా ఒక కారణం.

కానీ సమతూకం స్తంభించింది. షియాల జనాభా పెరిగినా వాటా పెరగలేదు. దక్షిణ పల్లెలు పేదరికంలోనే ఉండిపోయాయి. పాలస్తీనా సాయుధ దళాల రాకతో పాత పగుళ్లు విచ్చుకున్నాయి. 1975 ఏప్రిల్ 13న బీరూట్‌లోని ఐన్ అల్ రుమ్మానేలో పాలస్తీనియన్ల బస్సుపై కాల్పులతో మొదలైన అంతర్యుద్ధం 15 ఏళ్లు సాగింది. గుర్తింపు కార్డుల మీద మతశాఖ రాసి ఉండేది. తనిఖీ చౌకీల దగ్గర ఆ ఒక్క పదం చూసి మనుషులను చంపారు. ప్రాతినిధ్యం కోసం రాసుకున్న గుర్తే చావుకు చీటీ అయింది.

ఆ యుద్ధాన్ని ముగించేందుకు కుదిరిన 1989 తాయిఫ్ ఒప్పందం పార్లమెంటు స్థానాలను క్రైస్తవ–ముస్లింల మధ్య సగం సగం చేసి, అధ్యక్షుడి అధికారాలను మంత్రివర్గానికి మళ్లించింది. ప్రస్తుత 128 స్థానాల్లో చెరి 64. శాఖల రాజకీయాన్ని అంచెలంచెలుగా రద్దుచేసే జాతీయ సంఘాన్ని వేయాలని కూడా ఒప్పందం చెప్పింది, కానీ రద్దు జరగనే లేదు. రద్దు చేయవలసినవారు ఆ వాటాలతోనే గెలిచినవారు. యుద్ధకాలపు సాయుధ ముఠాల నాయకులు కొందరు మంత్రులై, ఉద్యోగాలూ ఆసుపత్రి సాయమూ తమ శాఖవారికి పంచిపెట్టే పెద్దలయ్యారు.

ఈ పద్ధతి శాఖలను కాపాడింది. ఏ శాఖకూ చెందకుండా బతకాలనుకునే పౌరుడికి మాత్రం చోటివ్వలేదు. పెళ్లి, విడాకులు మత న్యాయస్థానాల చేతిలోనే ఉన్నాయి. శాఖలు దాటి పెళ్లాడే జంటలెందరో సైప్రస్ వెళ్లి పౌర వివాహం చేసుకుని వస్తారు. విదేశంలో జరిగిన ఆ పెళ్లిని ప్రభుత్వం గుర్తిస్తుంది.

2019 అక్టోబరు 17న మొదలైన నిరసనల్లో అన్ని శాఖల యువత పాలకులు ‘అందరూ అంటే అందరూ’ దిగిపోవాలని నినదించింది. ఏడాది తిరగకముందే, 2020 ఆగస్టు 4న, ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేసిన అమ్మోనియం నైట్రేట్ బీరూట్ రేవులో పేలి 200 మందికి పైగా బలయ్యారు. 2022 అక్టోబరు చివర అధ్యక్షుడి పదవీకాలం ముగిశాక పార్లమెంటు రెండేళ్లకు పైగా మరొకరిని ఎన్నుకోలేకపోయింది. 2025 జనవరి 9న సైన్యాధిపతి జోసెఫ్ అవున్ ఎన్నికయ్యారు. ఆయన మారొనైట్. ప్రధానిగా వచ్చిన నవాఫ్ సలాం సున్నీ. వారిద్దరూ పదవుల్లోకి వచ్చేనాటికి స్పీకరు పీఠంపై ఉన్నది 1992 నుంచి దాన్ని వదలని షియా నేత నబీ బెర్రీ.