కందనవోలు సీమలోని నాలుగు స్థలనామములు

స్థలనామములు ప్రజలు నోటితో వ్రాసికొన్న చరిత్రము. శాసనము శిథిలమైనను, దేవాలయము నేలమట్టమైనను, ఊరిపేరు జనుల నాలుకపై నిలిచియుండును. కాని నామములనుబట్టి చరిత్రమును నిర్ణయింపఁ బూనువారు తఱచుగా రెండు విధములఁ బొరపడుచుందురు. పేరులో విన్నదానినెల్ల నిజమని నమ్ముట యొకటి. పేరును విని స్థలమును జూడకుండుట రెండవది. కందనవోలు సీమయందు, అనఁగా నిప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాలయందు, ఈ విషయమునఁ బరిశీలింపఁదగిన స్థలములు నాలుగు కలవు. శ్రీశైలాహోబిలములకుఁ బోవు యాత్రికులు వేలకొలఁదిగా నున్నారు. ఈ నాలుగింటిని వెదకికొని పోవువారు, ఒక్క బెలుము విషయమునఁ దప్ప, మిక్కిలి యరుదు.

మొదటిది బెలుము. కొలిమిగుండ్ల మండలములోని యీ గ్రామనామము సంస్కృత బిల శబ్దమునుండి పుట్టినదని చెప్పుదురు. ఇచ్చట నామమును వస్తువును బరస్పరము సాక్ష్యమిచ్చుచున్నవి. పైనుండి చూచువారికిఁ జదునైన పొలమును, అందుఁ గొన్ని గోతులును మాత్రమే కనఁబడును. క్రింద సున్నపుఱాతిని భూగర్భజలము యుగయుగములుగాఁ గరఁగించి తొలిచిన గుహలు 3,229 మీటర్ల పొడవువఱకుఁ గొలువఁబడినవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు వీనినిగూర్చి వ్రాసెను. దాదాపు నూఱేండ్లకుఁ బిమ్మట, 1982, 1983 సంవత్సరములలో, గెబౌర్ అను జర్మను దేశీయుని నాయకత్వమున నొక బృందము వచ్చి లోపలి మార్గములను శోధించెను. ఆ నడిమికాలమున గుహాముఖము చెత్త పాఱవేయు తావయ్యెను. ఊరికిఁ బేరిచ్చిన బిలమే యూరికిఁ గసవుగుంట యైనది! రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ 1999లో దీనిని జేపట్టి, 2002లో దారులు, దీపములు నేర్పఱచి ప్రజలకుఁ దెఱచినపిదపఁ గాని యా దుర్దశ తొలఁగలేదు.

రెండవది బేతంచెర్ల సమీపమునఁ గల బిల్లసర్గము. ఈ పేరును 'బిలస్వర్గ' మని సంస్కరించి చెప్పుట కలదు. చీఁకటి గుహకు స్వర్గనామ మెట్లు తగునో యూహించుట కష్టము. సంస్కృతమున 'సురుంగా' శబ్దము నేలలోపలి మార్గమును దెలుపును. తెలుఁగువారి 'సొరంగము' దానికి సంబంధించినదే. కావున బిలమును సొరంగమును గలిసి యీ పేరైనదని తలంచుట యర్థమునకు సన్నిహితముగా నున్నది. అయినను ఇది యూహయే. ప్రాచీన లిఖితరూపము దొరకినఁగాని సిద్ధాంతము గానేరదు.

పేరు సందిగ్ధమైనను స్థలము చెప్పు సాక్ష్యము సందిగ్ధము గాదు. న్యూబోల్డు 1844లో నీ గుహలలోని యెముకలనుగూర్చి ప్రకటించెను. ఫుట్టును, ఆయన కుమారుఁడును 1884, 1885 సంవత్సరములలోఁ ద్రవ్వి పెక్కు జంతువుల యవశేషములను వెలికిఁ దీసిరి. 2014లో వెల్లడియైన పరిశోధనయందు, ఇచ్చట గుర్తింపఁబడిన 21 క్షీరదవర్గములలో 20 వర్గములు కనీసము లక్ష సంవత్సరములనుండియు, వానిలోఁ గొన్ని రెండు లక్షల సంవత్సరములనుండియు భారతభూమిని విడువక నిలిచినవని తేలినది. మంచుయుగముల మార్పులు ఖండాంతరములలో ననేక మహామృగముల యంతమును జూచినవి. ఇచ్చటి మృగములు మాత్రము నిలిచినవి. ఇంతటి వార్తను దాఁచిన గుహల పేరు పొరుగు మండలములలోనైనఁ బెక్కండ్రకుఁ దెలియదు.

మూఁడవది జ్వాలాపురము. ఇది బనగానపల్లె, యాగంటి ప్రాంతమున జుఱ్ఱేటి లోయలోని గ్రామము. జ్వాలలకు సంబంధించిన పేరుగల యూరిలో నగ్నిపర్వతపు బూడిద దొరకినదనఁగనే, పూర్వులకీ సంగతి తెలిసియే యీ పేరు పెట్టిరని చెప్ప నుత్సాహము కలుగును. అది సరికాదు. ఆ బూడిద యీ సీమలోని పర్వతమునుండి వచ్చినది గాదు. సుమారు 74,000 సంవత్సరములక్రిందట సుమత్రాదీవిలోని తోబా పర్వతము బ్రద్దలైనప్పుడు గాలిలో నెగసి సముద్రము దాఁటి వచ్చి యిచ్చటఁ బడినది. దానినిఁ జూచినవాఁడు దానికిఁ బేరుపెట్టి, యాపేరును నేఁటివఱకు నిలిపెననుట యసంభవము. ఇచ్చట నామసామ్యము కేవలము కాకతాళీయము.

ఆ బూడిదపొరకుఁ గ్రిందను మీఁదను గూడ మానవులు చెక్కిన ఱాతిపనిముట్లు లభించినవని 2007లోఁ బ్రకటింపఁబడినది. ఆ యుత్పాతమునకు ముందును వెనుకను మనుష్యు లిచ్చట నుండిరని దీనివలనఁ దెలియుచున్నది. వారెవ్వరను విషయమున విద్వాంసులలో నైకమత్యము లేదు. ఇట్టి విషయములయందుఁ బొరలవరుసయే ప్రమాణము. తాళపత్రగ్రంథమున నాకులు మాత్రము మిగిలి వరుస చెడినచో నర్థ మెట్లు నశించునో, క్రింది పనిముట్టును మీఁదిపనిముట్టును గలసిపోయినచోఁ జరిత్రము నట్లే నశించును. ఆ బూడిదను శుభ్రపఱచు చూర్ణములకై త్రవ్వుకొనుచు వచ్చిరి. త్రవ్వినవారిది లోభమనుటకు వీలులేదు. అది చదువఁదగిన గ్రంథమని వారికిఁ జెప్పినవారు లేరు.

నాలుగవది పత్తికొండ ప్రాంతములోని జొన్నగిరి. కర్ణాటదేశమునందలి బ్రహ్మగిరి, సిద్దాపుర శాసనములలో అశోకుని కాలపు సువర్ణగిరి పేర్కొనఁబడినది. జొన్నగిరియే యా సువర్ణగిరి యని కొందఱును, కర్ణాటములోని కనకగిరి యని మఱికొందఱును జెప్పుదురు. సువర్ణ శబ్దమునకుఁ బాళిలో 'సోణ్ణ' యను రూపము కలదు. కాని దాని సకారము తెలుఁగున జకారమగుటకు సూత్రము చూపవలయును. జొన్నవాడ, జొన్నలగడ్డ మొదలగు పేరులలో బంగారమును వెదకువాఁ డెవ్వఁడు? కావున వర్ణసామ్యమొక్కటియే యిచ్చటఁ జాలదు.

ఐనను నామము చెప్పలేనిదానిని నేల కొంత చెప్పుచున్నది. జొన్నగిరి పరిసరములలో బంగారు ఖనిజము కలదు. పూర్వులు త్రవ్విన గుంటల జాడలును గలవు. దగ్గఱలోనే యెఱ్ఱగుడి బండలమీఁద నశోకుని పదునాలుగు ధర్మలిపులును, లఘుశాసనములును జెక్కఁబడియున్నవి. 1920ల చివర అను ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞునివలన నివి వెలుఁగులోనికి వచ్చినవి. లఘుశాసనమునఁ గొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును సాగుట భారతీయ లిపిచరిత్రమున నత్యంత విరళమైన విశేషము. తల్లిదండ్రుల మాట వినవలయుననియు, ప్రాణులయెడ దయ చూపవలయుననియు నా లిపి బోధించుచున్నది. తొలకరి వానలు కురియఁగానే జొన్నగిరి పొలములలో వజ్రములకై జనులు గుంపులుగాఁ దిరుగుదురు. నేలచూపు విడువక నాళ్లతరబడి వెదకు నా జనులలో నెఱ్ఱగుడి బండ నెక్కి చూచినవా రెందఱు?

ఈ నాలుగింటిని గలిపి చూచినచో నొక్క సంగతి స్పష్టమగును. బెలుమునందు నామము సత్యమును జెప్పినది. బిల్లసర్గమునందు సందేహమును నిలిపినది. జ్వాలాపురమునందు భ్రాంతి కలిగింపఁజూచినది. జొన్నగిరియందు వివాదమును బుట్టించినది. కావున నామము దారిచూపును గాని తీర్పు చెప్పదు. తీర్పు చెప్పవలసినవి బండలును, మట్టిపొరలును, ఎముకలును. ఈ సీమలోని సున్నపుఱాయి నాపబండలుగాను, సిమెంటుగాను దేశమంతటికిఁ బోవుచున్నది. దానివలన వేలకుటుంబములు బ్రదుకుచున్నవి. ఆ వృత్తిని నిందించుట న్యాయము గాదు. ఏ గుట్టను ద్రవ్వవచ్చునో, దేనిని ద్రవ్వరాదో ముందుగా నిర్ణయించి హద్దురాళ్లు నాటుట న్యాయము. ప్రతిగ్రామమునను ఉపాధ్యాయులు తమ యూరి గుట్టల పేరులను, గుహల పేరులను, పొలముల పేరులను వృద్ధులనోట విన్నవి విన్నట్లు, సంస్కరింపక వ్రాసియుంచిన నది యల్పవ్యయముతో మహాఫలము నిచ్చును. పేరు పోయినను స్థలమున్నచో మఱల వెదకవచ్చును. స్థలము పోయినపిదపఁ బేరొక్కటి మిగిలినచో నది యర్థము తెలియని శబ్దమగును.