గడియారం చూపి అమ్మే సరుకు

తాడిపత్రి ఎండ నెరిగినవారికి కూలరు విలాసవస్తువు కాదని వేరే చెప్పనక్కరలేదు. మొన్నటి వేసవిలో ఒక అంతర్జాల దుకాణంలో దాని వెల చూస్తుండగా, పక్కనే ఎర్రని అంకెలు వెనక్కి నడవసాగాయి. ఇంకా 9 నిమిషాలేనట! బజారులో ఒకసారి అడిగి చూడమని మా ఇంటావిడ అంటూనే ఉన్నది. తొందరపడితే అక్షరం తప్పుతుందని జీవితమంతా పిల్లలకు బోధించిన నేను పింఛను సొమ్ము కట్టేశాను. మరునాడు చూతును గదా, అదే వెల, అవే 9 నిమిషాలు! బజారులో అదే కూలరు నాలుగు వందలు తక్కువ. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

మిత్రులారా, గడువు పెట్టి అమ్మటం మనకు కొత్త కాదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గనుక బట్టల దుకాణాలవారు వెల తగ్గిస్తారు. శ్రావణం రాగానే ఆ తగ్గింపు పోతుంది. ఆ గడువు పంచాంగానిది. సంతలో పొద్దువాలే వేళ టమాటాలు చౌకగా ఇచ్చే రైతు తొందరా నిజమైనదే, మిగిలితే మోసుకుపోవాలి గదా! తెరమీది గడియారానికి అమావాస్యా లేదు, పొద్దుగుంకటమూ లేదు.

బూటకపు చౌకబేరాలను చట్టం ఏనాడో గుర్తించింది. గుత్తాధిపత్యాలను అదుపుచేయటానికి 1969లో చేసిన చట్టానికి 1984లో సవరణ తెచ్చి, ఇచ్చే ఉద్దేశం లేని తగ్గింపు ధరను ప్రకటించటం అనుచిత వాణిజ్యమన్నారు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. ఇక అంతర్జాలానికి వస్తే, 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ 'బిగ్ బిలియన్ డే' జరిపింది. పది గంటల్లో 600 కోట్ల రూపాయల అమ్మకాలన్నారు. సరుకు క్షణాల్లో అయిపోయిందనీ, ధరలు మారిపోయాయనీ కొనుగోలుదారులు గగ్గోలు పెట్టగా, మరునాడే సంస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ క్షమాపణ చెప్పుకొన్నారు.

2019 నాటి కొత్త చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్'ను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. (చీకటి పన్నాగాలు అందామా? ఇంతకన్న మంచి మాట తోస్తే తెలుపగలరు.) అందులో పేర్కొన్న పదమూడింటిలో మొట్టమొదటిది నన్ను పట్టిందే, బూటకపు తొందర. ఉన్న సరుకును తక్కువగా చూపటమూ, లేని గిరాకీని ఉన్నట్టు చూపటమూ ఆ పద్దులోకే వస్తాయి.

ఇది చదివి, ఫిర్యాదు వ్రాద్దామని కూర్చున్నాను. సాక్ష్యానికి ఆనాటి తెర బొమ్మ తీసి ఉంచుకొన్నానా? లేదు. ఆ తొమ్మిది నిమిషాల్లో అది ఎవరికి తోస్తుంది!