పుట్టగొడుగు ఏ రాజ్యానిది?

తొలకరి పడ్డాక సత్తుపల్లి, అశ్వారావుపేట అడవి అంచున పుట్టల మీద గొడుగులు లేస్తాయి. వాటిని ఏ వరసలో పెట్టాలో తేల్చడానికి శాస్త్రానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. 1735లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ప్రాణులకు మొక్కలు, జంతువులు అని రెండే రాజ్యాలు చేసి, పుట్టగొడుగును మొక్కల్లో వేశాడు. 1866లో హెకెల్ సూక్ష్మజీవులకు మూడో రాజ్యం పెట్టాడు. 1969లో అమెరికా శాస్త్రవేత్త విట్టేకర్ అయిదు రాజ్యాలు చేసి, శిలీంధ్రాలకు ఒకటి ఇచ్చాడు. మన పాఠాల్లోకి వచ్చింది ఆ పద్ధతే. పుట్టగొడుగులో పత్రహరితం లేదు, తన తిండి తాను చేసుకోలేదు. దాని కణం గోడలో ఉండేది కైటిన్, పీత పెంకులో ఉండే పదార్థమే. అలాంటిదాన్ని మొక్క అని ఎలా అంటాం?

పేరు సంగతి ఇంకా ముచ్చటైనది. పుట్ట మీద లేచే ఈ ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని అర్థం. పుట్టగొడుగు అన్న మాటలో ఆ చుట్టరికం ముందే ఉంది. (బజారులో దొరికే బటన్ రకానికీ అదే పేరు వాడుతున్నాం గానీ, దానికి పుట్టతో పనిలేదు.) చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి లోపల తెట్టు కట్టి, దానిమీద ఈ బూజును పెంచి తింటాయి. వాన పడితే అదే పైకి గొడుగై వస్తుంది. ముత్యపు చిప్ప రకంలా దీన్ని షెడ్డులో వరిగడ్డి మీద పంటగా తీయడం ఇంకా కుదరలేదు. తోటల కోసం పుట్టలు చదును చేసిన చోట ఈ కూర ఉండదు.