సిగ్నల్ విశ్లేషణకు ఉచిత సాఫ్ట్‌వేర్: ఎంపిక నడిచిన దారి

భూకంపలేఖిని గీసే గీత, ఈసీజీ, మైకులో పడిన మాట: క్రమమైన వ్యవధుల్లో నమోదైన ఇలాంటి కొలతల వరుసే కాలశ్రేణి సంకేతం. అందులో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో ఫూరియే పరివర్తన తేలుస్తుంది. 1024 నమూనాలున్న సంకేతానికి దాన్ని నేరుగా లెక్కిస్తే పదిన్నర లక్షల దాకా గుణకారాలు పడతాయి. 1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ప్రచురించిన ఎఫ్ఎఫ్‌టీ పద్ధతి ఆ పనిని పదివేల స్థాయికి దించింది. గ్రహశకలాల కక్ష్యలు లెక్కగడుతూ గాస్ 1805 ప్రాంతంలోనే ఈ ఉపాయం కనిపెట్టాడని తర్వాత బయటపడింది.

ఇలాంటి లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకటి మాట్‌ల్యాబ్. క్లీవ్ మోలర్ 1970ల చివర న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోసం రాసిన అది మొదట ఉచితంగానే చేతులు మారింది. 1984లో మాథ్‌వర్క్స్ సంస్థ పెట్టాక అది అమ్మకపు సరుకైంది. ఇంజినీరింగ్ కాలేజీలు దానికే అలవాటు పడ్డాయి. ఉచితంగా దొరికేదాన్ని వెతుక్కోవలసిన అవసరం అక్కడే పుట్టింది.

జాన్ ఈటన్ 1992లో మొదలుపెట్టిన గ్నూ ఆక్టేవ్, నిజానికి రసాయన రియాక్టర్ల పాఠ్యపుస్తకానికి తోడుగా తలపెట్టినది. మాట్‌ల్యాబ్ కోడ్ చాలామటుకు అందులో నడుస్తుంది. ఫిల్టర్ల పనికి మాత్రం సిగ్నల్ ప్యాకేజీని విడిగా చేర్చుకోవాలి. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో పుట్టిన సైల్యాబ్‌ను మన కాలేజీలకు చేర్చింది ఐఐటీ బొంబాయిలోని ఫోసీ ప్రాజెక్టు. ఆక్లాండ్‌లో పుట్టిన ఆర్ భాష గణాంకవేత్తలది. ధరలు, వర్షపాతం వంటి శ్రేణుల అంచనాకు దానికి సాటి తక్కువ. ఫిల్టర్ డిజైన్‌కు అంత అనువు కాదు.

1997లో ఎంఐటీలో మాటియో ఫ్రిగో, స్టీవెన్ జాన్సన్ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ విడుదల చేశారు. ఏ కంప్యూటర్‌పై నడుస్తుందో దానికి తగ్గ వేగమైన దారిని ఈ లైబ్రరీ తనే పరీక్షించి ఎంచుకుంటుంది. ఆ తర్వాత మాట్‌ల్యాబ్ కూడా దీన్నే వాడుకుంది. ఉచితమంటే నాసిరకమన్న అనుమానానికి ఇంతకంటే వేరే జవాబు అక్కర్లేదు.

2001లో సైపై, 2006లో నంపై అనే లైబ్రరీలు వచ్చాక మొగ్గు పైథాన్ భాష వైపు తిరిగింది. భూకంప తరంగాలకు అబ్స్‌పై, మెదడు సంకేతాలకు ఎంఎన్ఈ ఆ పునాది మీదే లేచాయి. మెదడు విద్యుత్ సంకేతాల (ఈఈజీ) పరిశోధకులు వాడుతున్న ఈఈజీల్యాబ్ కూడా ఉచితమే, కానీ దాని కోడ్‌ను మామూలుగా నడపాలంటే మాట్‌ల్యాబ్ కొనాలి. ఎంపికలో ఇలాంటి మెలికే ముందు చూసుకోవలసింది.

ధర సమస్య తీరాక మిగిలేది, లోపల ఏ లెక్క జరుగుతుందన్నది. వర్ణపటం గీసే వెల్చ్ పద్ధతినే తీసుకుంటే, ఏమీ మార్చకుండా వదిలేసినప్పుడు మాట్‌ల్యాబ్ సంకేతాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ముక్క అంచులను నెమ్మదిగా తగ్గించే హామింగ్ విండో వేస్తుంది. సైపై 256 నమూనాల ముక్కలకు హాన్ విండో వేస్తుంది. ఒకే రికార్డుకు రెండు వేర్వేరు గీతలు వస్తాయి. రెండూ సరైనవే. అందుకే ఏది ఎంచుకున్నా సరే, వెర్షన్, విండో, ముక్క పొడవు నివేదికలో రాసి తీరాలి.