ఏలూరి రంగస్థలమునుండి వచ్చిన కంఠము

1935వ సంవత్సరమున పారిస్ నగరమందు ఒక వీధిమలుపున నిలిచి పాడుచు, బాటసారులు వేయు చిల్లరతో పొట్టపోసికొనుచున్న ఒక యువతిని లూయీ లెప్లే అను కాబరే యజమాని చూచెను. ఆమెకు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదు. కాబరే యనగా జనులు బల్లల యెదుట కూర్చుండి తినుచు, త్రాగుచు పాట విను వినోదశాల. లెప్లే ఆమెను తన శాలకు పిలిచి పాడించి 'పియాఫ్' అని పేరు పెట్టెను. పారిస్ వీధిభాషలో ఆ మాటకు పిచ్చుక అని అర్థము. మనిషి పిడికెడు, కంఠము మాత్రము పిడికెడు కాదు. పిదప ఎడిత్ పియాఫ్ పాటను ప్రపంచమంతయు వినెను.

ఆ యేటనే మన ఏలూరి నాటకరంగమున పద్యము పాడి పేరు తెచ్చుకొనిన ఒక యువతి 'హరిశ్చంద్ర' టాకీలో చంద్రమతిగా వెండితెరపై తొలిసారి కనబడెను. ఆమె పసుపులేటి కన్నాంబ. పియాఫ్ 1963 అక్టోబరులోను, కన్నాంబ 1964 మే 7వ తేదీనాడును కన్నుమూసిరి. ఇరువురి కళాజీవితములును ఇంచుమించు ఒకేసారి మొదలై ఒకేసారి ముగిసినవి. చిన్నతనమున ఇరువురును కొంతకాలము తల్లిదండ్రులవద్ద గాక అవ్వల యిండ్లలో పెరిగినవారే. ఇంతవరకు పోలిక సరిపోవును. ఆపైన దారులు వేరు. పియాఫ్ ఒక గదిలో నూరుమందికి పాడినది. పాడినది కూడ తాను పడిన బాధవంటి బాధనే. కన్నాంబ పాడినది ఆరుబయట వేలమందికి. పాడినది తన దుఃఖము కాదు, చంద్రమతి దుఃఖము. ఈ భేదమును మరువకుండినచో కన్నాంబ కంఠము అట్లేల యుండెనో తెలియును.

ఆనాటి నాటకప్రదర్శన మెట్టిదో ఇప్పటివారికి కొంచెము చెప్పవలెను. ఏలూరు కృష్ణ కాలువయు, గోదావరి కాలువయు కలిసిన ఊరు. నాటకము గలదన్న నాడు మెట్ట గ్రామములనుండి ఎడ్లబండ్లపైనను, కొల్లేటి లంకలనుండి తాటిదోనెలపైనను జనము వచ్చి చేరెడువారు. మైకు లేదు. పెట్రోమాక్సు దీపముల చప్పుడు, చంటిపిల్లల యేడుపులు, వెనుక వరుసలలోని వారి మాటలు, వీనినన్నిటిని దాటుకొని పద్యము చివరి మనిషి చెవిని పడవలెను. పడకున్నచో ఆ చివరి మనిషి ఊరకుండువాడు కాడు. కంట్రాక్టు నాటకములు ముదిరిన పిదప సంగతి మరియు కఠినమైనది. ఒక్క రాత్రికి వేరువేరు సమాజముల నటులను కిరాయికి కుదిర్చి, ఒకే రంగస్థలముపై నిలువబెట్టి, రాగమునకు రాగము పోటీగా పాడించెడువారు. 'ఒన్సుమోరు' లెన్ని వచ్చిన అంత గొప్ప. కథ ఎచటనో నిలిచిపోయి పద్యము మాత్రము సాగుచుండెడిది. ఇది నాటకమునకు మేలు చేసినదని నేననను. కాని గొంతులకు మాత్రము ఇంతకు మించిన వ్యాయామశాల లేదు.

అప్పటికి స్త్రీపాత్రలు పెక్కుచోట్ల పురుషులే ధరించుచుండిరి. స్థానం నరసింహారావు వంటి మహానటుడు ధరించినపుడు ఆ లోపమే తోచలేదు. అందరును స్థానములు కారు గదా! బలిజేపల్లి లక్ష్మీకాంతకవి 'సత్యహరిశ్చంద్రీయము' ఊరూర ఆడబడుచున్న కాలమది. లోహితాస్యుని శవముపై పడి చంద్రమతి విలపించు ఘట్టము ఆ నాటకమునకు గుండెకాయ. ఏలూరిలో ఒకనాడు చంద్రమతి వేషధారి ఆ ఘట్టమును పాడుచేయగా ప్రేక్షకులు గేలిచేసిరట. జనములో కూర్చుండి చూచుచున్న పదుమూడేండ్ల బాలిక ఒకతె పట్టలేక లేచి, రంగస్థల మెక్కి, ఆ పద్యములను తానే పాడినదట. సభ నిశ్శబ్దమైనదట. ఏలూరి నాటకాభిమానులు తరతరములుగ చెప్పుకొనిన ఈ కథలోని బాలికయే కన్నాంబ. ఇట్టి కథలకు కొంత మెరుగు చేరుట సహజమే. అయినను మగవాని గొంతులో చెడిన చంద్రమతిని ఒక ఆడపిల్ల అందుకొనుటలో ఆ కాలపు రంగస్థల చరిత్ర అంతయు ఇమిడి యున్నది. సంగీతము ఆమెకు ఇంటనే చిన్ననాడు అబ్బినది. నాటకములలో చేరి అనసూయ, సావిత్రి, యశోద వంటి పాత్రలతో పేరు గడించినది. నాటక సమాజమును నడపిన కడారు నాగభూషణమును వివాహమాడినది.

'హరిశ్చంద్ర'లో అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు. మరుసటి యేడు, అనగా 1936లో, ద్రౌపది కథను రెండు సంస్థలు ఒక్కసారే చిత్రములుగ తీసినవి. ఈ పోటీ ముచ్చట మన ప్రాంతమువారు తప్పక వినదగినది. హెచ్. వి. బాబు దర్శకత్వమున వచ్చిన 'ద్రౌపదీ వస్త్రాపహరణము'లో కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి. ఎస్. ఆర్. ఆంజనేయులు కృష్ణుడు. రెండవది 'ద్రౌపదీ మానసంరక్షణము'. అందు దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవ. ద్రౌపది తొలి తెలుగు టాకీ నాయిక సురభి కమలాబాయి. కృష్ణుడు ఏలూరిలో న్యాయవాదిగ నుండిన బందా కనకలింగేశ్వరరావు. ఒక కృష్ణుడు, ఒక ద్రౌపది, ఇరువురును ఏలూరివారే. కాని చెరియొక చిత్రమున! పేరున్నవారు రెండవ చిత్రముననే ఎక్కువ. గెలిచినది మాత్రము మొదటిది. నిండుసభలో ద్రౌపది ప్రశ్నించు ఘట్టమున కన్నాంబ మాట పలికిన తీరు అందుకొక కారణమని నా యూహ.

1938లో రోహిణీవారు తీసిన 'గృహలక్ష్మి'తో ఆమె పురాణస్త్రీల చీరలు విడిచి సాంఘిక చిత్రములలోనికి వచ్చినది. దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి. నాగయ్యగారికి అది తొలి చిత్రము. భర్తను ఆకర్షించి యిల్లు కూల్చు నర్తకిగా కాంచనమాల, కూలిన యింటి ఇల్లాలుగా కన్నాంబ నటించిరి. చివరకు మతి తప్పిన ఆ యిల్లాలు సత్యము లేదు, ధర్మము లేదు, దేవుడే లేడని అరచుచు మద్రాసు వీధులవెంట పరుగెత్తును. పురాణములలో కడగండ్లపాలైన చంద్రమతికి చివర దేవుడు ప్రత్యక్షమగును. ఇచట ట్రాములు తిరుగు నగరవీధి తప్ప మరేమియు లేదు. గొంతు మాత్రము ఆ ఏలూరి గొంతే.

1940లో 'చండిక' వచ్చినది. పేరును బట్టియే పాత్ర. నాలుగేండ్ల క్రిందట పోటీ చిత్రమున నటించిన బళ్ళారి రాఘవ ఇందులో ఆమె సరసన నిలిచెను. ఆ యేటనే 'కృష్ణన్ తూదు'తో తమిళమున ప్రవేశించినది. తెలుగు మాతృభాషగా గల నటి తమిళమున పలుకుటయే కష్టము. రెండేండ్లలోపల ఆమె పలుకవలసి వచ్చినది సామాన్యమైన తమిళము కాదు. 1941లో త్యాగరాజ భాగవతారు నాయకుడుగ వచ్చిన 'అశోక్ కుమార్'లో సవతి కుమారుడైన కుణాలుని కోరిన రాణి తిష్యరక్షిత పాత్ర ఆమెది. సతీమణుల పాత్రలకు పేరుపడిన నటి ఇట్టి పాత్రకు ఒప్పుకొనుటకు సాహసము కావలెను. 1942లో జూపిటర్ వారి 'కణ్ణగి' వచ్చినది. ఇళంగోవన్ వ్రాసిన సంభాషణలు కావ్యభాషకు దగ్గరివి. మదురను దహించిన కణ్ణగి తమిళులకు దేవతతో సమానము. ఆ దేవత నోట తెలుగు నటి పలికిన తమిళమును తమిళులు తమదిగ స్వీకరించిరి. ఒక జాతికి ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి పెట్టుట కష్టము.

ఇంతలో చిత్రపరిశ్రమలో ఒక మార్పు వచ్చినది. నటించువారే పాడవలెనను నియమము సడలెను. 1943లో 'భాగ్యలక్ష్మి' చిత్రమున కమలా కొట్నీసుకు రావు బాలసరస్వతీదేవి పాడినది మొదలు నేపథ్యగానము తెలుగున వేరూనినది. విచిత్రమేమనగా, 1946లో పియాఫ్ నటించిన ఒక ఫ్రెంచి చిత్రమునకు ఇదియే కథావస్తువు. టాకీలు వచ్చినపుడు పాడలేని ఒక మూకీచిత్ర తారకు ఆమె యింటి పనిపిల్ల చాటుగా గొంతు అరువిచ్చును. కీర్తి తారది, కంఠము పనిపిల్లది. ఆ పనిపిల్ల పియాఫ్. మన దేశమున ఇది కథ కాలేదు, వృత్తియైనది. నేపథ్యగాయనులు పేరుప్రతిష్ఠలు పొందిరి. పాడుటవలననే పైకి వచ్చిన నటీమణులలో పలువురు వెనుకబడిరి. కన్నాంబకు సంక్రమించిన ఆస్తియంతయు పాట. అది చేజారినపుడు ఆమె ఏమి చేసినదనుటయే ఈ ప్రసంగమున నాకు ముఖ్యమని తోచిన విషయము.

ఆమె మాటను నమ్ముకొన్నది. 1947 నాటి 'పల్నాటియుద్ధము'లో నాయకురాలు నాగమ్మ పాత్ర అందులకు సాక్ష్యము. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు. మంత్రిణి మాట కత్తికంటె పదునుగ నుండవలెను, అటులనే యున్నది. ఆ చిత్రమును మొదలుపెట్టిన గూడవల్లి రామబ్రహ్మము 1946లో మరణించగా పూర్తిచేసినవారు ఎల్. వి. ప్రసాదు. ప్రసాదుగారిది ఏలూరికి చేరువనున్న సోమవరప్పాడు. 1954లో ఆయనయే 'మనోహర' తీసినపుడు రాణి పద్మావతి పాత్రకు కన్నాంబ కుదిరినది. కుమారుడు శివాజీ గణేశన్. తమిళ సంభాషణలు కరుణానిధివి. సంకెళ్ళలో నున్న కుమారుని తల్లి మేల్కొల్పు ఘట్టమున సంగీతము లేదు, పాట లేదు. పద్యము నెత్తుకొని, నిలిపి, దించినట్లే ఆమె వచనమును నడపినది. రాగము తీసివేసిన పద్యమది.

తరువాతి చిత్రములలో ఎక్కువ భాగము తల్లి పాత్రలు, పెద్దకోడలి పాత్రలు. 1957 నాటి 'తోడికోడళ్ళు' చూచినవారు ఎస్. వి. రంగారావుకు ఇల్లాలుగ ఆమె ప్రదర్శించిన నిదానమును మరువరు. అందులో మరిదిగ నటించిన రేలంగి కూడ 1935లోనే తెరకెక్కినవాడు. పిమ్మట తాడేపల్లిగూడెమున చిత్రశాల కట్టించి ఆ ఊరివాడైనాడు. భార్యాభర్తలు నడపిన రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ 1940 దశకము మొదలు 1960 దశకమువరకు చిత్రములు తీసినది. అందులో జమాఖర్చులకు సంబంధించిన ముచ్చట ఒక్కటి చాలును: పనివారికి ఒకటవ తేదీన జీతము చేతబడెడిదట. మద్రాసు చిత్రసీమలో ఇది వింతగ చెప్పుకొనదగిన విషయమే!

ఏబదియేండ్లు దాటిన కొలదికాలమునకే మద్రాసులో ఆమె కన్నుమూసినది. 'మనోహర' ఇప్పటికిని చూడ వీలున్న చిత్రము. ఒకమారు కన్నులు మూసికొని ఆ ఘట్టమును వినుడు. ప్రతి వాక్యము చివర ఆమె రవ్వంత ఆగును. స్టూడియోలో ఆ విరామముతో పనిలేదు. మైకు మూతికి దగ్గరనే యున్నది. వెనుక వరుసలోని దోనెవానికి మాట అందువరకు ఆగుట ఆమె ఏలూరిలో నేర్చుకొన్నది.