వస్త్రము – అంతస్తు

సూరత్ నగరంలో ఆల్థాన్ వంటి కొత్త మేడల పేటలలో, వాకిట నిలిచిన కావలివాడు ముందుగా చూచేది వచ్చినవాని ముఖం కాదు, బట్ట. ఈ అలవాటు ఆ నగరానికి కొత్తది కాదు.

1608లో అక్కడ ఓడ దిగిన విలియం హాకిన్స్ ఆంగ్ల వర్తక సంఘపు ప్రతినిధి. టర్కీ భాష తెలిసిన అతడు ఆగ్రాలో జహంగీరును మెప్పించి, 400 మన్సబు పొంది, మొగలు ప్రభువుల దుస్తులు తొడిగి, ‘ఇంగ్లీషు ఖాన్’ అనిపించుకొన్నాడు. 1615లో వచ్చిన సర్ థామస్ రో మార్గం వేరు. సూరత్ అధికారులు అతనిని కూడ మునుపటి వర్తకుల కోవలో జమకట్టి, సోదాకు లోబడమన్నారు. అతడు ఒప్పుకొనలేదు. దర్బారులో సైతం స్వదేశపు వేషమే ధరించినాడు. ఒకడు వేషం మార్చినాడు, ఒకడు మార్చలేదు. ఇద్దరూ కోరినది మాత్రం వర్తకులకు దక్కని మర్యాదనే.

ఆ వర్తక సంఘమే 1611లో మచిలీపట్నం చేరినది. మన తీరపు కలంకారీ, ఇతర భారతీయ అద్దకాలతోపాటు, ఇంగ్లండులో అంతస్తుల లెక్క తారుమారు చేసినది. దొరసాని మెచ్చిన అద్దకాన్ని పనికత్తె కూడ కట్టగలిగినది. ఎవరు ఎవరో పోల్చుకొనలేకున్నామని పెద్దలు వాపోయినారు. కూడు పోతున్నదన్న ఆక్రోశంతో 1719లో లండను నేతగాండ్రు అటువంటి దుస్తులు ధరించిన స్త్రీలపై పడి, వాటిని చింపివేసినారు. 1721లో పార్లమెంటు అద్దకపు నూలు బట్టల వాడకాన్నే నిషేధించినది. ఆ నిషేధం 1774లో గాని తొలగలేదు.

కాలక్రమాన తెలంగాణ పద్మశాలీలు బతుకుతెరువు వెదకుకొంటూ షోలాపురం, భివండీ, సూరత్ చేరినారు. సూరత్‌లోని లింబాయత్ వారి నివాసాలలో ఒకటి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడిపినది. సూరత్ మరమగ్గాల కృత్రిమ నూలు చీర చవకగా దొరికి, పట్టువలె మెరిసి, పేద ఇంటికి పెళ్లికళ తెచ్చినది. కట్టినవారి అంతస్తును ఒక మెట్టు పెంచిన ఆ చీర, నేసినవానికి ఆ మేలు చేయలేదు. అతని నలిగిన చొక్కాను, పోగులు అంటిన జుట్టును చూచి లోకం అతని విలువ కట్టినది.

రో చేతిలో రాజుగారి లేఖ ఉన్నది గనుక సోదాను కాదనగలిగినాడు. నేతగాని చేతిలో ఉన్నది పని ఒక్కటే. ఆ పనిని బట్టి మనిషిని ఎంచడం లోకం ఇంకను నేర్వవలసి ఉన్నది.