రేఫతో మారిన అచ్చులు: పఠన బోధనలో ఒక చారిత్రక సమస్య
ఆంగ్లంలో ఫెర్న్, బర్డ్, టర్న్ అనే మాటలలోని అచ్చులను ‘ఇ-ఆర్’, ‘ఐ-ఆర్’, ‘యు-ఆర్’ అని మూడు విధాలుగా రాసినా, లండన్ ఉచ్చారణలో వాటి ధ్వని ఒక్కటే. ఒకప్పుడవి వేర్వేరు, స్కాట్లండ్ వాసులు పలువురి నోట ఆ భేదం నేటికీ వినబడుతుంది. లండన్‌లో హల్లుకు ముందు రేఫ బలహీనపడుతున్న తీరును జాన్ వాకర్ తన 1791 నాటి ఉచ్చారణ నిఘంటువులోనే గుర్తించాడు. వర్ణక్రమం మాత్రం అప్పటికే ముద్రణలో స్థిరపడింది. చెవిని నమ్ముకొన్న పిల్లవాడు ఇక్కడ తడబడక తప్పదు.

మన ‘ఋ’ స్థితి దీనికి దూరమైనది కాదు. 1858లో వెలువడిన బాలవ్యాకరణం తెలుగు వర్ణాలను 36గా లెక్కించి, ఋకారాన్ని సంస్కృతసమాలతో వచ్చినవాటిలో చేర్చింది. నేటి పలుకులో అది చాలావరకు ‘రు’ మాత్రమే. ‘కృషి’ని ‘క్రుషి’ అని రాసిన బాలుడు విన్నదే రాశాడు. దానిని అశ్రద్ధగా లెక్కగట్టడం అన్యాయం. గుణింతం మళ్లీ వల్లె వేయించినా ఫలితం స్వల్పమే. క్రుంగు, త్రుంచు వంటి దేశ్యాలకు ఎదురుగా కృతి, గృహం, మృగం వంటి తత్సమాలను నిలిపి చూపవలసి ఉంటుంది.